పన్నెండో ఎత్తు

హాస్టలు, మూడో అంతస్తు
సోమవారం

అక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు, బాగానే ఉన్నాను. ఫోనే చేద్దామనుకున్నాను. కానీ నేను ఎప్పుడు చేసినా నువ్వు కుట్టు మిషను తొక్కుతూ "ఊఁ, ఊఁ" అంటావు. ఆ చప్పుడుకి నేను చెప్పాలనుకున్నది కాస్తా మర్చిపోతాను. ఉత్తరమైతే కనీసం మిషను ఆపి చదువుతావని ఆశ.

విషయం ఏమిటంటే, నా కుర్చీ కిందకి నీళ్ళొచ్చాయి. మా కంపెనీ చదరంగం టీములో ఒకప్పుడు నాది మొదటి బోర్డు, ఇప్పుడు నాలుగోది. వచ్చే నెల టోర్నమెంటులో మొదటి ముగ్గురిలో రాకపోతే టీము నుంచి తీసేసి స్టోర్సు సెక్షనుకి పంపిస్తారట. "ఇన్నాళ్ళూ ఆడుకున్నారుగా మేడం, ఇక పని చేద్దురుగాని" అన్నాడు మేనేజరు, నవ్వుతూనే. అంటే పద్నాలుగేళ్ళుగా నేను చేసింది పని కాదన్నమాట. స్టోర్సులో బోల్టులు, నట్లు, డబ్బాలు. నాకు ముప్పై ఒకటి వచ్చాయక్కా. ఈ ఆట తప్ప ఇంకేమీ చేతకాదు. అది నీకూ తెలుసు, నాన్నకీ తెలుసు.

అందుకే మన కాజానే నమ్ముకుంటున్నాను. నాన్న గుండీలకి కాజాలు కుడుతూ కనిపెట్టిన ఓపెనింగుకి కాజా అని కాకపోతే ఇంకేం పేరు పెడతాడులే! ఆట మొదట్లోనే రెండు వైపులా బంట్లు జరిపి మధ్యలో ఒక్క గడి ఖాళీగా వదిలేసి, ఆ సందులోంచి దాడి చేయడం. ఇక్కడ అందరూ దాన్ని నా ఓపెనింగనే అంటారు. కంపెనీ టీము సెలెక్షన్సులో నీ మీద గెలిచింది దాంతోనే కదా. ఆ ఆటతోనే నాకీ ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. వారం రోజులుగా మళ్ళీ మొదటి నుంచీ చూసుకుంటున్నాను. పన్నెండో ఎత్తు దగ్గర ఏదో తేడాగా ఉంది. అక్కడ నువ్వు చివరి బంటుని ఒక గడి జరిపావు. ఎందుకు జరిపావు? ఇంకేమైనా ఆలోచించావా? గుర్తుంటే రాయి. ఎదుటివాళ్ళు ఆ బంటు జరపకపోతే నా పరిస్థితేమిటో తెలియాలి.

నాన్న స్కేలు ఇంకా ఉందా? పావుని ముట్టుకుని మనసు మార్చుకుంటే వేళ్ళ మీద టక్కున కొట్టేవాడు, "ముట్టుకుంటే కదపాల్సిందే" అంటూ. మొన్న ప్రాక్టీసులో ఒకమ్మాయి అలా చేస్తే నాకు వేళ్ళు చురుక్కుమన్నాయి.

వెంటనే రాయి.

నీ చెల్లి

* * *

షాపు, కటింగు బల్ల మీద
శుక్రవారం

ఏమే చిన్నదానా,

ఉభయకుశలోపరి. మిషను ఆపే చదివాను, సంతోషమేనా?

షాపు బాగానే ఉంది. బడి యూనిఫారాల ఆర్డరు వచ్చింది. ఒకటే నీలం, ఒకటే కొలత, పిల్లలే రకరకాలు. రెండో మిషను మీద కూర్చునే ఆవిడ పెళ్ళి కుదిరిందని మానేసింది. నాన్న పోయి మూడేళ్ళవుతున్నా పాత కస్టమర్లు ఇంకా ఆయన చేతి కుట్టునే అడుగుతారు. నేను కుట్టిచ్చాక, "మీ నాన్నగారిదే వేరు" అనేసి పోతారు. స్కేలు ఉంది. గుడ్డ మీద గీతలు గీయడానికి వాడుతున్నాను.

పద్నాలుగేళ్ళ కిందటి ఆటలో బంటు ఎందుకు జరిపావని అడిగితే ఏం చెప్పను? నిన్న ఎవరి చొక్కాకి ఎన్ని గుండీలు కుట్టానో నాకు గుర్తుండదు. మర్చిపోయాను.

ఒక్క మాట మాత్రం చెబుతాను, విను. ఈ టోర్నమెంటులో కాజా ఆడకు. ఇంకేదైనా ఆడు. లోకంలో ఓపెనింగులకి కరువొచ్చిందా? ఎందుకని అడగకు. పెద్దదాన్ని చెబుతున్నాను, అంతే.

వేళకి తిను. పోటీలంటే నీకు ఆకలి చచ్చిపోతుంది, ఎదుటి మనిషికేమో అది బలం.

అక్క

* * *

హాస్టలు
మంగళవారం

అక్కా,

ఎందుకని అడగకు అంటావా? నేను అడిగినదానికి జవాబు లేదు, అడగనిదానికి సలహానా?

మర్చిపోయానంటే నేను నమ్మాలా? ఆ ఆట పత్రికలో పడితే, నాన్న ఆ కాగితం కత్తిరించి ఫ్రేము కట్టించి నీ మిషను ఎదురుగా గోడకి తగిలించాడు. రోజూ దాని కిందే కూర్చుని కుడతావు. నీ కస్టమర్లకి కూడా ఆ ఎత్తులు కంఠతా వచ్చి ఉంటాయి.

నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నా మీద నీకింకా కడుపుమంట తగ్గలేదా? ఆ రోజు ఉన్నది ఒక్కటే చోటు. నీకు డ్రా అయితే చాలు, నేనేమో గెలిచి తీరాలి. గెలిచాను. దానికి నేనేం చెయ్యను? ఆ తర్వాత నువ్వు బోర్డు ముట్టుకోలేదు. ఆడమని నాన్న ఎన్నిసార్లు బతిమాలాడు? ఓడిపోయాక ఆట మానేసి, గెలిచినదాన్ని ఇన్నేళ్ళూ నేరస్థురాలిలా చూశావు. నా మొదటి జీతంతో నీకు పంపిన గడియారం పెట్టెలోంచి కూడా తీయలేదని నాన్నే చెప్పాడు.

ఇప్పుడు నాకున్న ఒక్క ఆయుధాన్ని కింద పెట్టమంటున్నావు. ఎవరి బాగు కోసం అక్కా?

చెల్లి

* * *

షాపు
ఆదివారం, షట్టరు దించి

చిన్నదానా,

కడుపుమంట అన్నావు. మంచిది. అయితే ఆ మంట ఎక్కడ అంటుకుందో కూడా విను.

నువ్వు చెప్పిన ఫ్రేములో నల్లపావుల, అంటే నా, పన్నెండో ఎత్తు పక్కన పత్రికవాళ్ళు ప్రశ్నగుర్తు వేశారు. తప్పు ఎత్తు అని దాని అర్థం. కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు, "ఆ గుర్తేమిటమ్మా" అని. ఇక్కడ నేను తప్పు ఆడానండీ అని చెప్పి, వాళ్ళ నడుము కొలుస్తాను. పద్నాలుగేళ్ళుగా నా నెత్తి మీద వేలాడుతోంది ఆ ప్రశ్నగుర్తు.

ఆ బంటు ఎందుకు జరిపానో నాకు బాగా గుర్తుంది. అక్కడ నల్ల గుర్రం మంత్రికి అడ్డంగా నిలబడి ఉంటుంది. అది కదిలితే మంత్రి పోతుందని అందరూ భయపడతారు. నువ్వూ ఆ భయం మీదే ఇన్నాళ్ళూ గెలిచావు. కదపాలే పిచ్చిదానా! గుర్రాన్ని తెచ్చి ఆ ఖాళీ గడిలో పెట్టాలి, కాజాలో గుండీ పెట్టినట్టు. నువ్వు మంత్రిని తిన్నావా, నాలుగు ఎత్తుల్లో నీ రాజు చిక్కుతుంది. తినలేదా, నీ ఏనుగు పోతుంది. ఎటు తిరిగినా ఆట పోయినట్టే. బోర్డు మీద పెట్టుకుని చూసుకో.

ఇది కనిపెట్టింది నాన్నే. సెలెక్షన్సుకి వారం ముందు నేను గుండీలు కుడుతుంటే ఎదురుగా బోర్డు పెట్టుకుని చూపించాడు. "చిన్నదానికి చెప్పకు, బెంబేలెత్తిపోతుంది" అన్నాడు. కొలతల పుస్తకం వెనక అట్ట మీద ఆయన చేత్తో రాసింది ఇంకా ఉంది.

ఆట రోజు పొద్దున నా చొక్కా ఇస్త్రీ చేస్తూ నా మొహం చూడకుండా అన్నాడు. "పెద్దదానా, నీ చేతిలో పనుంది. కత్తెర పట్టుకుని ఎక్కడికెళ్ళినా బతుకుతావు. దానికి ఆ అరవై నాలుగు గళ్ళు తప్ప ఏమీ రాదు. నేనేం చెప్పట్లేదు, ఊరికే అంటున్నా."

ఊరికే అన్నాడు! పని బాగా నేర్చుకున్నందుకు నాకు పడిన శిక్ష అది. నేను కూడా కత్తిరింపు తిన్నగా రానిదాన్నై ఉంటే ఆ చోటు నాదయ్యేది.

అందుకే బంటు జరిపాను. నువ్వు గెలవలేదు. నేను ఓడాను. ఈ రెంటికీ తేడా ఉందని నీకు చెప్పకుండా చచ్చిపోదామనుకున్నాను. నువ్వే అడిగి చెప్పించావు.

ఇప్పుడైనా కాజా ఆడకు.

అక్క

* * *

హాస్టలు
గురువారం

అక్కగారికి,

మీ ఉత్తరం అందింది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. పద్నాలుగేళ్ళు ఆలోచించి ఒక ఎత్తు కనిపెట్టి, అది ఆ రోజే తెలుసంటే ఎవరు కాదనగలరు? సాక్ష్యానికి నాన్న లేడు. అట్ట మీద రాసింది ఎప్పుడు రాశాడో ఎవరికి తెలుసు?

నా గెలుపుని మీరు దానం కింద రాసుకున్నారు. రాసుకోండి. నేను మాత్రం పుచ్చుకోలేదు.

టోర్నమెంటు ఎల్లుండి మొదలు. నేను కాజాయే ఆడతాను.

ఇట్లు,
చెల్లెలు

* * *

షాపు
బుధవారం

చిన్నదానా,

పేపర్లో ఆటల పేజీలో, అడుగున, నలుసంత వార్త. చివరి రౌండులో నువ్వు బడి పిల్ల చేతిలో ఓడిపోయావట. నాలుగో స్థానం. అరపాయింటు దక్కినా మూడో స్థానం వచ్చేదట. పన్నెండో ఎత్తుకి ఆ పిల్ల గుర్రం ఆడిందనీ, అద్భుతమనీ రాశారు. దాని ఎత్తు పక్కన ఆశ్చర్యార్థకాలు రెండు.

చెప్పానా లేదా? ఇంత స్పష్టంగా ఏ గడో కూడా రాసిస్తే, పంతానికి పోయి గోతిలో దూకావు. చేతులు కాలాక ఇప్పుడు ఏ ఆకులు పట్టుకుంటావు? నేను నీకు రెండుసార్లు ఇచ్చాను. ఒకసారి ఆట, ఒకసారి నిజం. మొదటిది తీసుకుని రెండోది నా మొహాన కొట్టావు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, దాచుకుని ఏం చెయ్యను. వార్త చదవగానే నాకు సంతోషం వేసింది. ఒక్క నిమిషం, అంతే. ఆ తర్వాత యూనిఫారం చేతులు తిరగేసి కుట్టాను. అన్నీ విప్పాల్సి వచ్చింది.

స్టోర్సులో దుమ్ముంటుంది. నీకు చిన్నప్పటి నుంచీ పడదు. మొహానికి గుడ్డ కట్టుకో.

అక్క

* * *

స్టోర్సు, కిటికీ పక్క బల్ల
సోమవారం

అక్కా,

గుడ్డ కట్టుకునే రాస్తున్నాను. ఇక్కడ మూడు వరసల ఇనప బీరువాలు, వాటికి అంటించిన చీటీలు. ఎవరో వచ్చి ఒక నంబరు చెబుతారు, నేను ఆ డబ్బా తీసిస్తాను. మధ్యలో ఖాళీయే. అందుకే ఇది పొడుగు ఉత్తరం అవుతుంది. చివరిదాకా చదువు.

ఆ బడి పిల్ల, రెండు జడలది, దాని గురించి పేపర్లో రాసింది నిజం కాదు. అసలు జరిగింది హాల్లో ఇద్దరికే తెలుసు, దానికీ నాకూ.

పదకొండు ఎత్తులయ్యాయి. బోర్డు మీద అచ్చం మన ఆటే. ఆ పిల్ల చాలాసేపు చూసి చెయ్యి చాపి గుర్రాన్ని పట్టుకుంది. పట్టుకున్నాక కాబోలు, అది కదిలితే మంత్రి పోతుందని కనబడింది. వేళ్ళు మెల్లగా వెనక్కి తీసేసుకుంది. రూళ్ళు చూసే ఆర్బిటర్ హాలు ఆ చివర ఎవరి గడియారమో సరిచేస్తున్నాడు. పక్క బోర్డులవాళ్ళు తలెత్తలేదు. ఆ పిల్ల చెయ్యి ఈసారి చివరి బంటు మీదికి పోతోంది. అదే బంటు, అక్కా.

నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. తల దించుకుని, ఎత్తులు రాసుకునే నా స్కోరు షీటు చూసుకుంటూ కూర్చుంటే చాలు. అది ఎలా చెయ్యాలో నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఒకసారి చేశాను.

నువ్వు నీ ఉత్తరంలో ఒక ముక్క వదిలేశావు. నన్ను కాపాడదామనో, నిజంగానే నేను చూడలేదనుకున్నావో తెలియదు. ఆ రోజు నువ్వు గుర్రాన్ని ముట్టుకున్నావు. ముట్టుకోవడం కాదు, రెండు వేళ్ళతో పట్టుకున్నావు. తర్వాత వదిలేశావు. నేను చూశాను. నువ్వు పట్టుకున్నాకే ఆ గుర్రం ఎక్కడికి వెళ్ళగలదో కూడా చూశాను. ఆ ఖాళీ గడి కనబడింది. "ముట్టుకున్నావు, కదపాలి" అని ఒక్క మాట అంటే నా ఆట అయిపోయేది. తేలుకుట్టిన దొంగలా తల దించుకున్నాను. స్కోరు షీటు మీద అంతకుముందు రాసిన ఎత్తునే మళ్ళీ దిద్దాను. కాగితం చిరిగింది.

కాబట్టి పన్నెండో ఎత్తు దగ్గర ఏముందో నాకు మొదటి నుంచీ తెలుసు. మరి నిన్ను ఎందుకడిగానంటావా? నువ్వు "గుర్రమా? ఆ ఆలోచనే రాలేదే" అని రాస్తావని. అలా రాస్తే నేను చూసింది చూడలేదనుకుని బతికేద్దామని. నువ్వేమో నిజం రాశావు. అందుకే నీకు ఆ పాపిష్ఠి ఉత్తరం రాశాను. మీరూ, గారూ అని. దానం పుచ్చుకోలేదన్నాను. నిజమే, పుచ్చుకోలేదు. దొంగిలించాను.

ఇంత తెలిసీ కాజా ఎందుకు ఆడానంటే, నాకు వేరేది రాదక్కా. నాన్న అన్నది అక్షరాలా నిజం. నాలుగు ఓపెనింగులు నేర్చుకోవాల్సిన వయసంతా ఆ ఒక్కదాన్నీ కాపాడుకోవడంలోనే పోయింది. ఎవరు ఆ గుర్రం వైపు చూసినా ఇక అయిపోయిందనుకునేదాన్ని. పద్నాలుగేళ్ళు అలాగే ఆడాను.

ఆ పిల్ల చెయ్యి బంటుకి జానెడు దూరంలో ఉండగా నా నోట్లోంచి మాట వచ్చేసింది. "గుర్రాన్ని ముట్టుకున్నావమ్మా. అదే కదపాలి."

అది నా వంక చూసిన చూపు నీకెలా చెప్పను? తిట్టినట్టు చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. ఎలాగూ కదపక తప్పదు కదా అని ఒక్కో గడే చూసుకుంటూ పోయింది. పది నిమిషాలు. గుర్రం వెళ్ళగలిగినవి నాలుగు గళ్ళు. మూడిట్లో అది ఓడిపోతుంది. నాలుగోది కనబడగానే ముక్కు తుడుచుకుని నిటారుగా కూర్చుంది. గుండీ పెట్టింది.

నేను చెప్పకపోతే ఆ పిల్ల గెలిచేది కాదు. నేనిక్కడ డబ్బాలు తీసేదాన్నీ కాదు. ఆట అయ్యాక "థాంక్యూ ఆంటీ" అంది. ఆంటీ అట!

నేను నిజాయితీపరురాల్నని చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాలుక కొరుక్కుంటున్నాను. పొద్దున్నే ఈ దుమ్ములోకి రాగానే మొదట గుర్తొచ్చేది అదే. నీకు తెలియాలని రాశాను, అంతే.

ఆ ఫ్రేము దించెయ్యి. నా కోసం కాదు, నీ నెత్తి మీద ఆ ప్రశ్నగుర్తు ఉండకూడదు.

చిన్నది

* * *

షాపు
శనివారం

చిన్నదానా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మిషను రోజంతా ఆగిపోయింది. యూనిఫారాల వాళ్ళు వచ్చి గొడవపెట్టి పోయారు.

ఫ్రేము దించను. ఇక మీదట ఎవరైనా ఆ గుర్తేమిటని అడిగితే, ఆ తప్పు మా ఇద్దరిదీ అని చెబుతాను. అలా చెప్పడానికైనా అది ఉండాలి కదా.

నేను వదిలేసిన ముక్క గురించి రాశావు. నువ్వు చూడలేదనుకుని వదిలేయలేదు. నువ్వు చూశావని నాకు తెలుసు. చూడాలనే పట్టుకున్నాను.

ఆ రోజు నాన్న, చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడి ఉన్నాడు. ఆయన మాట కాదనే ధైర్యం నాకు లేదు. ఓడిపోవడానికి మనసూ ఒప్పలేదు. అందుకని గుర్రాన్ని పట్టుకుని వదిలేశాను. నువ్వు రూలు చెబితే నేను కదపక తప్పదు. అప్పుడు నాన్న కూడా నన్నేమీ అనలేడు, ఆ రూలు ఆయన నేర్పిందే. గెలవడానికి నాకున్న దారి అదొక్కటే, అది నీ నోట్లో ఉంది.

చెయ్యి తీశాక బంటు జరపడానికి నాకు ఎంతసేపు పట్టిందో నీకు గుర్తుండదు, నువ్వు తల దించుకుని ఉన్నావు. పదిహేడు నిమిషాలు. గడియారం చూస్తూనే ఉన్నాను. నువ్వు ఆ మాట అంటావని కూర్చున్నాను.

అక్క